సరుకులు గుమ్మం దాకా వచ్చాయి, డబ్బాల్లోకి వెళ్లలేదు

ఊళ్లో ఒంటరిగా ఉంటున్న మా పెద్దమ్మకి, మా అత్తగారికి, అమెరికాలో ఉన్న నా స్నేహితురాళ్ల అమ్మానాన్నలకి పదిరోజులకోసారి కొద్దికొద్దిగా సరుకులు వెళ్లేలా నేనే కుదిర్చాను. యాప్‌లో ఆర్డర్ ఎలా పెట్టాలో మీకు తెలుసు కాబట్టి అది వదిలేస్తున్నాను. ఎక్కడ తేడా కొడుతుందో, అప్పుడు ముందుగా ఏం చూడాలో మాత్రం చెప్తాను.

డెలివరీ అయిందని చూపిస్తోంది, అమ్మ రాలేదంటోంది

ఆ చిరునామా కింద ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి. నన్ను అడిగినవాళ్లలో చాలామంది ఇది చూడకుండానే యాప్‌ని తిట్టుకుంటున్నారు. ఖాతా మీది కాబట్టి నంబరూ మీదే ఉంటుంది. తెనాలిలో పొద్దున పదింటికి కుర్రాడు గేటు ముందు నిలబడి ఫోన్ చేస్తే అది న్యూజెర్సీలో అర్ధరాత్రి వేళ మోగుతుంది. మీరు ఎత్తరు, అతను సంచిని పక్కింటి అరుగు మీద పెట్టి వెళ్లిపోతాడు. అమ్మ నంబరు పెట్టండి. మ్యాప్‌లో గుర్తు కూడా హైదరాబాద్‌లో కూర్చుని పెట్టింది కాకుండా, ఈసారి ఊరెళ్లినప్పుడు గుమ్మంలో నిలబడి పెట్టండి.

కుర్రాడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు

మీరు రోజూ వాట్సాప్‌లోనే మాట్లాడుతుంటారు. ఇంట్లో వైఫై ఉంటే ఆ కాల్స్ బాగానే కలుస్తాయి. ఈలోపు రీఛార్జ్ గడువు దాటిపోయి మామూలు కాల్స్ రావడం ఆగిపోయినా మీకు తెలియదు, ఆవిడకీ తెలియదు. అందుకని ఒకసారి మామూలు కాల్ చేసి చూడండి. మోగకపోతే కారణం దొరికినట్టే.

మోగినా ఎత్తడం లేదంటే భయం. తెలియని నంబర్లు ఎత్తొద్దని, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మనమే కదా పదిసార్లు చెప్పాం! ఆ జాగ్రత్తని చెడగొట్టకండి. డబ్బు ముందే కట్టేయండి. యాప్‌లో కోడ్ కనిపిస్తే మీరే కుర్రాడికి ఫోన్ చేసి చెప్పండి. ఆవిడకి ఒక్క మాట చాలు: "సరుకులు తెచ్చేవాడు నిన్ను డబ్బూ అడగడు, నంబరూ అడగడు. అడిగితే తలుపేసెయ్."

కూరగాయలు కుళ్లిపోతున్నాయి

డెలివరీ చార్జీ తప్పించుకోవాలని బుట్ట నింపుతున్నారు. ఒక్క మనిషికి నిండు సొరకాయ ఎన్ని రోజులొస్తుంది? వీధిలోకి తోపుడు బండి వస్తుంటే కూరగాయల జోలికి వెళ్లకండి. పావు కిలో వంకాయలు ఆవిడే ఏరుకుంటుంది, బండివాడితో నాలుగు మాటలూ మాట్లాడుతుంది.

అన్నీ అందుతున్నాయి, మనిషి మాత్రం చిక్కిపోతోంది

దీని దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. పెద్దమ్మకి 78 ఏళ్లు. అప్పట్లో నెలకి రెండుసార్లు పంపేదాన్ని: ఐదు కిలోల బియ్యం సంచి ఒకసారి, కందిపప్పు, లీటరు నూనె ప్యాకెట్, చిన్నాచితకా. ప్రతి ఆదివారం "వచ్చాయా పెద్దమ్మా?" అని అడగడం, "వచ్చాయే, అన్నీ వచ్చాయి" అని ఆవిడ చెప్పడం. నాకు నిశ్చింత.

సంక్రాంతికి వెళ్లినప్పుడు బెల్లం కోసం గట్టు కింద వెతుకుతుంటే పాత గోనెసంచి వెనక ఏడు నూనె ప్యాకెట్లు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు. బియ్యం సంచి వీధి గదిలోనే, కుర్రాడు దించిన చోటే ఉంది. మూల కత్తిరించి రోజూ గ్లాసుతో తెచ్చుకుంటోంది. ఏంటిదని అడిగితే "ఈ వయసులో వేపుళ్లు ఎందుకులేవే" అంది. సాయంత్రం తాలింపు పెడదామని ప్యాకెట్ ఆవిడ చేతికిస్తే, "నువ్వే పొయ్యవే" అని వెనక్కి ఇచ్చేసింది. అప్పుడు చూశాను, చేతులు వణుకుతున్నాయి.

ఎప్పుడో ఒకసారి మూల కత్తిరించగానే ప్యాకెట్ చేతిలో మెత్తగా ఒరిగిపోయి, సగం నూనె కింద పోయిందట. స్టూలు మీద కూర్చుని చాలాసేపు తుడుచుకుందట. జారి పడితే ఎత్తేవాళ్లెవరు అని మళ్లీ ప్యాకెట్ ముట్టుకోలేదు. పెరుగన్నం, ఆవకాయ, పాలు, వీటితోనే నెలలు గడిపింది. "అంత దూరాన ఉన్నదానివి, నీకు చెప్పి టెన్షన్ పెట్టడం దేనికి" అంది.

మనిషి చిక్కిపోతుంటే, చేతులు వణుకుతుంటే డాక్టరుకి చూపించాల్సిందే, మేమూ చూపించాం. కానీ దాంతోపాటు డబ్బాలు చూడండి. అందరూ వదిలేసేది ఇదే. "వచ్చాయా?" అని అడిగితే అవుననే అంటారు. "ఇవాళ ఏం కూర? తాలింపు దేంతో పెట్టావు?" అని అడగండి. వీడియో కాల్‌లో నూనె సీసా, పప్పు డబ్బా చూపించమనండి. ఖాళీ కవర్లు ఒక సంచిలో పడేయమని చెప్పి, ఎవరైనా వెళ్లినప్పుడు లెక్కపెట్టించండి. పంపినవెన్నో, ఖాళీ కవర్లెన్నో చూస్తే తెలిసిపోతుంది.

ఇక మార్చాల్సినవి. నూనె ప్యాకెట్ ఆపేసి మూతున్న అరలీటరు సీసా పంపండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఫర్వాలేదు. బియ్యం కిలో ప్యాకెట్లు, పప్పు అరకిలో. బిగుతు మూతల స్టీలు డబ్బాలు తీసేసి తేలిగ్గా తెరుచుకునేవి పెట్టండి. వాటిని మీరు కాదు, మీ ముందు ఆవిడ తెరిచి చూడాలి. పాల ప్యాకెట్ కోసం చిన్న కత్తెరని గట్టు పక్కన కిటికీ ఊచకి తాడుతో కట్టేశాను, ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే పని లేదు.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం వీధి చివర కిరాణా కొట్టు. యాప్ కుర్రాడికి ఆగే తీరికుండదు. కొట్టాయనతో మాట్లాడుకున్నాను: పెద్దమ్మే ఫోన్ చేసి కావలసినవి చెప్తుంది, కొట్టు కుర్రాడు తెచ్చి, డబ్బాల్లో పోసి, మూతపెట్టి వెళ్తాడు. వచ్చినప్పుడల్లా అతనికి విడిగా యాభై రూపాయలు. బిల్లు నేను యూపీఐలో కడతాను. విదేశాల్లో ఉన్నవాళ్లకీ ఇది కుదురుతుంది. అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ లాంటి కొన్ని దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల (విదేశాల్లో ఉండేవాళ్లకి మన బ్యాంకుల్లో ఉండే ఖాతాలు) నుంచి యూపీఐ వాడుకునే వీలు 2023లో ఇచ్చారు, మీ బ్యాంకుని అడగండి. పదిరోజులైనా పెద్దమ్మ నుంచి ఫోన్ రాకపోతే కొట్టాయనే నాకు చెప్తాడు. ఏ యాప్ చెప్తుంది ఆ మాట?

మిగతావి

వాచ్‌మన్ తీసుకున్నాడేమో, కొట్టువాడు తూకంలో కొట్టాడేమో అన్న అనుమానాలు చివర్న పెట్టుకోండి. ఇన్నేళ్లలో నాకు ఒకటి రెండుసార్లే ఎదురయ్యాయి.

20 లీటర్ల నీళ్ల క్యాన్ తెప్పిస్తుంటే దాన్ని స్టాండ్ మీదికి ఎవరు ఎత్తుతున్నారో ఈ రాత్రికే అడగండి. "నేనే ఎత్తుకుంటాను" అంటే నమ్మకండి. క్యాన్ తెచ్చేవాడికి ఫోన్ చేసి, ఎత్తి పెట్టి వెళ్లమని చెప్పండి.