మీటరు మీది ఎర్ర లైటు చూడండి
కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందా? ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటును పది నిమిషాలు గమనించండి. అప్పుడూ మిణుకుమంటుంటే ఎక్కడో కరెంటు ఖర్చవుతున్నట్టే; రిమోట్‌తో మాత్రమే ఆపిన టీవీ, సెట్‌టాప్ బాక్సుల స్విచ్చులు కట్టేయండి. అయినా ఆగకపోతే వైరింగులో లోపం ఉండవచ్చు, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

తర్వాత ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మన ఎండల్లో ఫ్యాను ఆగేదెప్పుడు! అన్నింటికన్నా ముందు దాన్నే మార్చమంటాను.

సొంత డాబా ఉంటే, ఇంటిపై సోలారు పెట్టించుకునే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మీరే దరఖాస్తు చేసుకోండి. 2 కిలోవాట్ల సోలారుకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర రాయితీ నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది.