ఘాట్‌లో లాగని లోడు బండి: స్ప్రాకెట్ పళ్ల ఎంపిక

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలోని మొగిలి ఘాట్‌లోనైనా, తిరుపతి - మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌లోనైనా, పాల క్యాన్లో మామిడికాయల బస్తాలో కట్టుకున్న 100 సీసీ బండి మొరాయించగానే ముందు స్ప్రాకెట్‌లో (చైన్‌ను తిప్పే, ఇంజిన్ దగ్గరి పళ్ల చక్రంలో) ఒక పన్ను తక్కువున్నది వేయమనే సలహా వినిపిస్తుంది. సలహా మంచిదే గాని, లోపం నిజంగా పళ్ల లెక్కలో ఉందో లేదో ముందుగా తేల్చుకోవాలి.

సమస్య: ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం వేగం అందుకోదు.

ఇది స్ప్రాకెట్ లోపం కాదు, క్లచ్ జారుతోంది. క్లచ్ కేబుల్‌కు ఉండవలసిన కొద్దిపాటి లూజు ఉందో లేదో చూసి, అది సరిగా ఉన్నా జారుతుంటే ప్లేట్లు మార్పించాలి. ఇక్కడ చిన్న స్ప్రాకెట్ వేస్తే క్లచ్ మీద భారం కొంత తగ్గి జారుడు కొన్నాళ్లు కనిపించదు, ఈలోగా ప్లేట్లు పూర్తిగా మాడిపోతాయి.

సమస్య: రెండో గేరులో ఇంజిన్ చప్పుడు కుంగి, దడదడలాడి ఆగబోతుంది, మొదటి గేరులో వేస్తే ఎక్కుతుంది గాని నడక వేగం దాటదు.

మొదట వెనుక చక్రాన్ని స్టాండు మీద చేత్తో తిప్పి బ్రేకు పట్టేస్తోందేమో, చైన్ మరీ బిగువుగా ఉందేమో, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి, లోడు లేనప్పుడు అదే ఎత్తును బండి సునాయాసంగా ఎక్కుతుంటే, కారణం గేరింగే, అంటే రెండు స్ప్రాకెట్ల పళ్ల నిష్పత్తే.

ఉదాహరణకు ముందు 14, వెనుక 42 పళ్లున్న బండిలో వెనుక పళ్లను ముందు పళ్లతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 3. ముందు 13 వేస్తే అది 3.23 అవుతుంది, అంటే చక్రానికి అందే లాగుడు దాదాపు 7.7 శాతం పెరుగుతుంది. ముందు 14 ఉంచి వెనుక 45 వేసినా 3.21 వస్తుంది కనుక, ముందు ఒక పన్ను తగ్గించడం వెనుక మూడు పళ్లు పెంచడానికి దాదాపు సమానం. ముందుది చవక, మార్చడం సులభం. 428 (చైన్ సైజు పేరు) చైన్ అయితే వెనుక చక్రం సుమారు 3 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోతుంది. వెనుక మూడు పళ్లు పెంచినప్పుడు మాత్రం చక్రం దాదాపు ఒక సెంటీమీటరు ముందుకు రావాలి, అంత చోటు లేకపోతే రెండు లింకులు పొడవైన చైన్ కొనాలి, పెద్ద స్ప్రాకెట్ చైన్ కవరులో పట్టుతుందో లేదో కూడా చూసుకోవాలి.

అయినా రోజూ లోడు మోసే బండికి నేను వెనుక స్ప్రాకెట్ పెంచడాన్నే సమర్థిస్తాను. ముందు స్ప్రాకెట్ చిన్నదయ్యేకొద్దీ చైన్ మరింత ముడుచుకుని తిరుగుతుంది, అదే శక్తిని తక్కువ పళ్లు మోయవలసి వస్తుంది, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీది రబ్బరుకు చైన్ రాసుకునే అవకాశమూ పెరుగుతుంది. మామిడి కాలంలో మాత్రమే లోడు వేసేవారికి 13 చాలు, కాలం ముగిశాక పాతది తిరిగి బిగించుకోవచ్చు. 12కు దిగడం మాత్రం నాకు సమ్మతం కాదు.

సమస్య: మార్చాక ఘాట్ ఎక్కుతోంది, కానీ హైవే మీద బండి ఆయాసపడుతోంది.

ఇది లోపం కాదు, లాగుడుకు చెల్లించే మూల్యం. మునుపు ఒక వేగంలో నిమిషానికి 5000 చుట్లు తిరిగిన ఇంజిన్, ముందు 13 వేశాక అదే వేగంలో సుమారు 5385 చుట్లు తిరుగుతుంది, చదునైన దారిలో పెట్రోలూ కొంత ఎక్కువ తాగుతుంది. వారంలో ఎక్కువ రోజులు తిరుపతి - చిత్తూరు రోడ్డు మీదే తిరిగేవారు వెనుక ఒకటి రెండు పళ్లు మాత్రమే పెంచుకోవడం మేలు. స్పీడోమీటరు కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చే బండ్లలో చూపే వేగం మారదు; గేర్‌బాక్స్ నుంచి తీసుకునే బండ్లలో అసలు కంటే ఎక్కువ చూపుతుంది.

సమస్య: కొత్త స్ప్రాకెట్ వేసిన కొద్దిరోజులకే కటకట చప్పుడు, పళ్ల మీద గీతలు.

సాగిపోయిన పాత చైన్‌ను కొత్త పళ్లకు తొడిగితే జరిగేది ఇదే. 428 చైన్‌లో 21 పిన్నుల మధ్య దూరం కొత్తలో 254 మిల్లీమీటర్లు ఉంటుంది. బిగువుగా లాగి పట్టి కొలిస్తే 259 దాటిన చైన్‌ను తీసేయాలి. కొలత ఆ హద్దుకు దగ్గర పడినా రెండు స్ప్రాకెట్లు, చైన్ కలిపి సెట్టుగానే మార్పించాలి, చైన్ లూజును మాత్రం ఎప్పటిలాగే లోడు వేసి కూర్చున్న తరువాత కూడా ఒకసారి సరిచూసుకోవాలి, ఎందుకంటే వెనుక భాగం కుంగినప్పుడు చైన్ మరింత బిగుసుకుంటుంది.