విశ్వానికి గట్టు ఉందా అని పిల్లలు అడిగితే ఎలా చెప్పాలి

దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు: “టీచర్, ఆకాశం ఏడ అయిపోతది? అవతల ఏముంటది?” నా చిన్నప్పుడు నేను ఇదే అడిగితే, సిలబస్‌లో లేనిది అడగొద్దని కూర్చోబెట్టారు. ఆ ప్రశ్న నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. అందుకే నా తరగతిలో దీనికి రెండు పీరియడ్లు పక్కన పెడతాను. మీరూ పెట్టండి.

ముందే జవాబు చెప్పేయకండి. గట్టు అంటే ఏమిటో వాళ్లనే అడగండి. మా పిల్లలు చేన్లలో తిరిగినవాళ్లు. ఒక చేను అయిపోయి ఇంకొకరి చేను మొదలయ్యే చోటు అంటారు. అంటే వాళ్ల లెక్కలో గట్టు ఉంటే అవతల ఇంకో చేను ఉండాల్సిందే. దాదాపు 2,400 ఏళ్ల కింద ఆర్కిటస్ అనే గ్రీకు పండితుడికీ ఇదే అనుమానం వచ్చింది. విశ్వం అంచున నిలబడి చేతికర్ర చాపితే ఏమవుతుంది? కర్ర పోతే అవతల చోటు ఉన్నట్టే. ఆగితే, దాన్ని ఆపినదేదో ఉన్నట్టే. ఈ మాట చెప్పి పిల్లలను కాసేపు వాదించుకోనివ్వండి.

అప్పుడు ఒక బత్తాయి తీయండి. నల్లగొండ జిల్లాలో బత్తాయికి కరువు లేదు. తొక్క మీద చీమ నడుస్తోందనుకోమనండి. ఎటు నడిచినా దానికి గట్టు తగలదు, కానీ తొక్క ఎంతుందో కొలవొచ్చు. గట్టు లేకపోవడం వేరు, అంతం లేకపోవడం వేరు. ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం పాఠం అయిపోయినట్టే. కాయ లోపల, బయట ఏముందని అడుగుతారు. చీమకు తొక్కే లోకమని, లోపలిది, బయటిది ఈ పోలికలోకి రావని గట్టిగా చెప్పండి.

రెండో పీరియడ్‌లో చూపు సంగతి. బండ కొట్టే చోటికి కాస్త దూరంలో నిలబడితే సమ్మెట పడడం ముందు కనబడుతుంది, చప్పుడు ఆ తర్వాత వినబడుతుంది. 340 మీటర్లకు ఒక సెకను ఆలస్యం. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, అయినా దానికీ ఆలస్యం ఉంది. మనం చూసే సూర్యుడు 8 నిమిషాల కిందటివాడు.

దీన్ని కళ్లతో చూపించడానికి ఎంగిలిపూల బతుకమ్మ రాత్రిని మించింది లేదు. ఆ రోజు అమావాస్య. ఆట అయిపోయి లైట్లు ఆర్పాక, తొమ్మిది గంటలప్పుడు డాబా ఎక్కి ఈశాన్యం వైపు చూడండి. పక్కకు వాలిన ఇంగ్లిష్ డబ్ల్యూ లాగా అయిదు చుక్కలుంటాయి. అందులో లోతుగా ఉన్న కొన చూపించే దిక్కుకు, చాపిన చేతి పిడికిలితో ఒకటిన్నర పిడికిళ్ల దూరం పోండి. మసక మరక ఒకటి ఉంటుంది. నేరుగా కాకుండా కాస్త పక్కకు చూస్తే బాగా తెలుస్తుంది. అది ఆండ్రోమెడా గెలాక్సీ, అంటే కోట్లాది నక్షత్రాల గుంపు. ఆ వెలుగు 25 లక్షల ఏళ్ల కింద బయల్దేరింది. మొదటిసారి నాకు కనబడినప్పుడు చాలాసేపు కిందికి దిగలేదు.

విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అంతకంటే ముందు బయల్దేరిన వెలుగు ఉండదు కాబట్టి మన చూపుకు ఒక హద్దు ఉంది. ఇక్కడ పొగమంచు పోలిక వాడండి. చలికాలం పొద్దున్నే నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద బస్సులో పోతుంటే చుట్టూ యాభై మీటర్లే కనబడుతుంది. ముందుపోయే లారీ డ్రైవరుకూ తన చుట్టూ యాభై మీటర్లే. ఎవరి గుండ్రం వాళ్లది, ఎవరి గుండ్రానికి వాళ్లే నడుమ. రోడ్డు మాత్రం ఆ గుండ్రం దగ్గర తెగిపోలేదు.

విశ్వంలోనూ నిజంగానే అలాంటి మంచు ఉండేది. మొదటి 3.8 లక్షల ఏళ్లు వెలుగు దారి దొరక్క చిక్కుకుపోయింది. ఆ మంచు విడినప్పటి వెలుగు ఇప్పుడు మైక్రోవేవ్ తరంగాలై అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. దాన్ని 1964లో అమెరికాలో పెన్జియాస్, విల్సన్ పట్టుకున్నారు. యాంటెన్నాలో గుయ్యిమనే మోత ఎంతకీ పోకపోతే, పావురాల రెట్ట కూడా కడిగి చూశారు. మోత పోలేదు. 1978లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

వెలుగు ఏడాదిలో పోయే దూరాన్ని కాంతి సంవత్సరం అంటాం. హద్దు 1,380 కోట్ల కాంతి సంవత్సరాలేనా అని తెలివైన పిల్లలు అడుగుతారు. కాదు, ఇప్పుడది దాదాపు 4,650 కోట్లు. విశ్వం సాగుతూ ఉంది కాబట్టి, వెలుగు నడుస్తుండగానే దారి సాగింది. దీనికి నేను ముందు బెలూన్ వాడేదాన్ని. పిల్లల దృష్టంతా లోపలి గాలి మీదికి పోయేది. ఇప్పుడు పాత సైకిల్ ట్యూబును నిలువునా కోసి, బెత్తెడుకొక సుద్ద గీత పెట్టి, ఇద్దరితో లాగిస్తున్నాను. ఏ గీత దగ్గర వేలు పెట్టినా మిగతావన్నీ దూరం జరుగుతాయి. నడుమ గీత ఏదని అడిగితే చూపించలేరు. ట్యూబుకు రెండు కొసలున్నాయి, విశ్వానికి అలాంటి కొస ఎక్కడా కనబడలేదని మరిచిపోకుండా చెప్పండి.

మరి గుండ్రం అవతల? గెలాక్సీలే ఉంటాయని అనుకోవడానికి మంచి కారణముంది, ఎటు చూసినా విశ్వం ఒకేలా ఉంది. ఆ మైక్రోవేవ్ వెలుగును ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. కొలిచినంత మేర విశ్వం బత్తాయిలా వంగినట్టు తేలలేదు, దాదాపు చదునుగానే ఉంది. అయినా అంతం లేనిదని దాంతో తేలిపోదు. చాలా పెద్ద కాయ మీద చిన్న చీమకు కూడా తొక్క చదునుగానే కనబడుతుంది. ఇది ఇంకా తేలలేదని పిల్లలతో సూటిగా అనండి. టీచర్ నోట ఆ మాట వింటే వాళ్లు చిన్నబుచ్చుకోరు, ఇంకా దగ్గరికి జరుగుతారు.

పోయిన ఏడాది ఒకమ్మాయి “రాకెట్ల పోతే ఆ అవతలిది చూడొచ్చా టీచర్?” అని అడిగింది. దానికీ సిద్ధంగా ఉండండి. విశ్వం సాగే వేగం పెరుగుతోందని 1998లో తెలిసింది. ఇప్పుడు దాదాపు 1,600 కోట్ల కాంతి సంవత్సరాలకు మించిన దూరంలో ఉన్న గెలాక్సీ నుంచి ఇవాళ బయల్దేరే వెలుగు మన దగ్గరికి ఎప్పటికీ చేరదు. ఇక్కడి నుంచి పోయే వెలుగూ అక్కడికి చేరదు, వెలుగుకంటే నెమ్మదైన రాకెట్ ఇంకెలా చేరుతుంది? ఈ సంగతిని బెల్లు కొట్టే ముందు చెప్పకండి. పది నిమిషాలు మిగలాలి, అసలు ప్రశ్నలు అప్పుడే మొదలవుతాయి.