మెరీనాను తెలుగులో ఏమనాలి?

ఒకసారి అనువాదంలో మెరీనా అన్నచోట ‘ఓడరేవు’ అని రాసేశాను. చదివినాయన ఫోన్ చేసి, “సరదా పడవల మధ్యకి కంటైనర్లు, క్రేన్లు ఎందుకొచ్చాయండీ?” అన్నారు. తప్పు నాదే. అప్పట్నుంచి ఈ మాట ఎదురైతే ఇలా చేస్తున్నాను.

ముందు ఏ భాషలోంచి వచ్చిందో చూడండి. ఇంగ్లీషులోనైతే సొంత పడవలు, యాట్‌లు (ఖరీదైన విహార నౌకలు) కట్టేసుకునే చిన్న రేవు. సరుకు ఓడలకి అక్కడ పని లేదు. ఇటాలియన్‌లోనైతే ఆగాలి. అక్కడ మెరీనా అంటే సముద్ర తీరం, నౌకాదళం కూడా. ఇటలీలోని కాప్రీ దీవిలో మెరీనా గ్రాండే అనే రేవుకి ఆ పేరు యాట్‌ల వల్ల వచ్చింది కాదు. పడవల రేవునైతే వాళ్లు పోర్తో తురిస్తికో, అంటే పర్యాటక రేవు, అంటారు. ఫ్రెంచివాళ్లది పోర్ దె ప్లెజాన్స్, విహారాల రేవు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

తర్వాత వేరు పట్టుకోండి. లాటిన్‌లో ‘మారె’ అంటే సముద్రం, ‘మరీనుస్’ అంటే సముద్రానికి చెందినది. సబ్‌మెరైన్‌లో ఉన్నదీ ఇదే. మన వంటింటి మారినేట్ కూడా ఈ చుట్టమే: మొదట్లో అది ఉప్పునీళ్లలో ఊరబెట్టడం. ఇది తెలిసిన రోజు చికెన్ గిన్నె ముందు కాసేపు అలాగే నిలబడిపోయాను. పడవల రేవు అన్న అర్థం మాత్రం 20వ శతాబ్దంలో అమెరికాలో స్థిరపడింది.

నేనైతే ఇప్పుడు ‘విహార పడవల రేవు’ అని ఒకసారి రాసి, ఆపైన మెరీనా అనే వాడుతున్నాను.