ఫామికామ్ క్యాట్రిడ్జ్‌లో సేవ్ నిలవకపోతే

1988 నాటి డ్రాగన్ క్వెస్ట్ 3 లాంటి ఫామికామ్ (నింటెండో పాత గేమ్ కన్సోల్) ఆటల్లో సేవ్‌ని కాపాడేది క్యాట్రిడ్జ్ లోపలి 3 వోల్టుల బ్యాటరీ, ఎక్కువగా సీఆర్2032 బటన్ సెల్. అది అయిపోతే ఆట నడుస్తుంది, సేవ్ మాత్రం ఉండదు. ఈ క్యాట్రిడ్జ్ డబ్బాకు స్క్రూలుండవు, లోపలి కొక్కేలే. సన్నని ప్లాస్టిక్ పట్టీతో అంచు వెంట నెమ్మదిగా విప్పండి. స్క్రూడ్రైవర్ పెడితే కొక్కేలు విరుగుతాయి. ట్యాబులు (టంకం వేయడానికి అతికించిన లోహపు పట్టీలు) ఉన్న బ్యాటరీనే కొని, ప్లస్, మైనస్ చూసి టంకం వేయండి. బటన్ సెల్ మీద నేరుగా టంకం వేస్తే వేడికి పగలొచ్చు. పాత సేవ్ ఎలాగూ పోతుంది.

కొత్త బ్యాటరీ వేసినా సేవ్ చెరిగిపోతోందా? కన్సోల్ మీది రీసెట్ బటన్ నొక్కి పట్టుకునే పవర్ ఆపండి. లేకపోతే వోల్టేజీ పడిపోయే క్షణంలో ప్రాసెసర్ సేవ్ మెమరీలో చెత్త రాసేయొచ్చు.