స్తంభన మాత్ర వేసుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా మందుల దుకాణంలో పురుషాంగం గట్టిపడేందుకు వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ అనే స్తంభన మాత్రలు అడిగే ముందు, మీరు వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించండి.

మొదట గుండె మందులు చూసుకోవాలి. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడేవారు స్తంభన మాత్రలు అసలే వేసుకోకూడదు; రెండూ కలిస్తే రక్తనాళాలు మరీ వదులై, రక్తపోటు ప్రాణాపాయం కలిగేంతగా పడిపోతుంది. స్తంభన మాత్ర వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే సార్బిట్రేట్ పెట్టకుండా 108కి ఫోన్ చేసి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో తప్పక చెప్పాలి, ఎందుకంటే సిల్డెనాఫిల్ తర్వాత కనీసం 24 గంటలు, టడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్ ఇవ్వరాదు. సిగ్గుపడి ఈ సంగతి దాచడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, దయచేసి దాచకండి.

గత 6 నెలల్లో గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, రక్తపోటు 90/50 కన్నా తక్కువ ఉన్నవారు, రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉన్నవారు వీటికి దూరంగా ఉండాలి.

ప్రోస్టేట్ గ్రంథి సమస్యకు టామ్సులోసిన్ అనే మందు వాడేవారు, కాలేయం లేదా మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్నవారు డాక్టరు నిర్ణయించకుండా వేసుకోకూడదు.

కల్లు, సారా ఎక్కువగా తాగిన రోజున మానుకోవాలి.

సంతలో అమ్మే పేరులేని చూర్ణాల్లోనూ సిల్డెనాఫిల్ కలిపి ఉండవచ్చు కనుక, గుండె జబ్బు ఉన్నవారు వాటినీ ముట్టకూడదు.