బండికి పవర్ పెంచారు సరే, క్లచ్ సంగతేంటి?

స్కోడా ఆక్టేవియా 2.0 టీడీఐ డీజిల్ మాన్యువల్ షోరూమ్ నుంచి వచ్చినప్పుడు పవర్ 143 పీఎస్, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 320 ఎన్‌ఎం. స్టేజ్ 1 రీమ్యాప్ (పార్టులు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం) చేయిస్తే టార్క్ 380, 400 దాకా పోతుంది. ఇంజిన్ ఓర్చుకుంటుంది, టర్బో ఓర్చుకుంటుంది, ముందు చేతులెత్తేసేది క్లచ్. లక్ష కిలోమీటర్లు తిరిగిన పాత క్లచ్ అయితే రీమ్యాప్ చేయించిన వారంలోనే జారడం (ఇంజిన్ తిరిగినంత వేగంగా గేర్‌బాక్స్ తిరగకపోవడం) మొదలవ్వచ్చు. ఇక్కడ లెక్కలన్నీ ఈ కారు మీదే వేశాం. ఏ టర్బో బండికైనా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

జారుతోందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 1,800 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ అంకెలను ఫోన్‌కు పంపే చిన్న ప్లగ్) పెట్టి ఆర్‌పీఎం, వేగం రెండూ రికార్డు చేయండి. గేరు మారనప్పుడు ఆ రెండిటి నిష్పత్తి కూడా మారకూడదు. 60 దగ్గర 1,800 ఉంటే 90 దగ్గర 2,700 ఉండాలి. 3,100 కనిపిస్తే మధ్యలో ఉన్న 400 స్లిప్పే. మొదటి, రెండో గేర్లలో ఇది బయటపడదు, ఎందుకంటే టార్క్ పూర్తిగా రాకముందే ఆర్‌పీఎం దాటిపోతుంది.

స్లిప్ ఉన్నంత మాత్రాన ప్లేటు అరిగిపోయినట్టే అనుకోకండి. క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) వెనక ఆయిల్ సీల్ కారి లైనింగ్ (ప్లేటు మీది ఘర్షణ పొర) తడిసినా జారుతుంది. అప్పుడు సీలు మార్చకుండా ఎంత ఖరీదైన క్లచ్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ అదే పరిస్థితి.

ముందు లెక్క వేయండి

క్లచ్ ఎంత టార్క్ పట్టగలదో చెప్పేవి నాలుగే: ఒరుసుకునే ముఖాలు ఎన్ని, లైనింగ్ ఘర్షణ గుణకం ఎంత, ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఇంజిన్ చివరి బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు, అదిమి పట్టేది) ఎంత బలంగా నొక్కుతోంది, లైనింగ్ సగటు వ్యాసార్థం ఎంత. ఈ నాలుగూ గుణిస్తే చాలు.

240 మి.మీ. ప్లేటు తీసుకుందాం, లోపలి వ్యాసం 155. సగటు వ్యాసార్థం 98.75 మి.మీ. ఒకే ప్లేటు కాబట్టి ముఖాలు రెండు. ఆర్గానిక్ లైనింగ్ చల్లగా ఉన్నప్పుడు గుణకం 0.3 అనుకుందాం, ప్రెషర్ ప్లేటు నొక్కుడు 6,500 న్యూటన్లు అనుకుందాం. 2 × 0.3 × 6,500 × 0.09875 చేస్తే 385 ఎన్‌ఎం. ఇంజిన్ ఇచ్చేది 320 కాబట్టి 20 శాతం మిగులు. అదే లైనింగ్ బాగా వేడెక్కి గుణకం 0.25కి పడితే 321 వస్తుంది. అంటే మిగులు మొత్తం వేడికే సరిపోయింది. దీని మీద 390 ఎన్‌ఎం పెడితే చల్లగా ఉన్నప్పుడే చాలదు.

390కి పావు వంతు మిగులు కలిపితే చల్లగా 487 పట్టే క్లచ్ కావాలి. లైనింగ్ మార్చకుండా నొక్కుడు ఒక్కటే 8,200 న్యూటన్లకు పెంచితే దాదాపు ఆ అంకె వచ్చేస్తుంది. వేడిలో కూడా 405 మిగులుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి 25 నుంచి 30 శాతం మిగులు చాలు. 700 ఎన్‌ఎం పట్టే క్లచ్ 390 ఎన్‌ఎం బండికి వేస్తే లాభం సున్నా, కాలి పిక్కకు నొప్పి మాత్రం గ్యారంటీ.

లెక్కకు వాడే టార్క్ ఇంజిన్ దగ్గరిది అయ్యుండాలి. డైనో (పవర్ కొలిచే యంత్రం) షీటులో కనిపించేది చాలాసార్లు చక్రాల దగ్గరిది. ముందు చక్రాలతో నడిచే కారులో మధ్యలో 12 నుంచి 15 శాతం పోతుంది కాబట్టి, చక్రాల దగ్గర 330 చూపిస్తే ఇంజిన్ దగ్గర 375 పైనే అనుకోండి. అమెరికా నుంచి తెప్పించే కిట్ల మీద అంకె పౌండ్-ఫీట్‌లో ఉంటుంది, దాన్ని 1.356తో గుణించాలి. కాటలాగ్‌లో 400 అని చూసి ‘మనకు సరిగ్గా సరిపోతుంది’ అనుకుంటే ఇంటికొచ్చేది 542 ఎన్‌ఎం క్లచ్.

క్లచ్ కొనే ముందు ట్యూనర్‌తో (రీమ్యాప్ చేసే మనిషితో) ఒక మాట మాట్లాడండి. 4,000 ఆర్‌పీఎం దగ్గర 180 పీఎస్ రావాలంటే అక్కడ కావాల్సిన టార్క్ 316 ఎన్‌ఎం మాత్రమే (పీఎస్‌ను 7,024తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే టార్క్ వస్తుంది). 2,000 దగ్గర కనిపించే 390 గుంజుడు సరదాకే తప్ప, ఆ 180 పీఎస్‌కు దానితో పనిలేదు. టార్క్‌ను 350 దగ్గర ఆపి, 1,800 లోపు ఇంకా తగ్గించమంటే పై వేగంలో పవర్ అలాగే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఒరిజినల్ క్లచ్ మామూలు వాడకంలో నెట్టుకొచ్చేస్తుంది కూడా. ఖర్చు లేని పరిష్కారం కాబట్టి దీన్ని షాపులో ఎవరూ చెప్పరు.

లైనింగ్: ట్రాఫిక్‌లో తిరుగుతారా, లేదా?

స్టేజ్ 2, స్టేజ్ 3 అన్న పేర్లకు ఏ ప్రమాణమూ లేదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుకుంటుంది. పేరు వదిలేసి లైనింగ్ ఏమిటో, ఎన్ని ఎన్‌ఎం పడుతుందో అడగండి.

ఆర్గానిక్ ఫుల్ ఫేస్ (ప్లేటు చుట్టూ లైనింగ్ ఉండేది) మెత్తగా పట్టుకుంటుంది, హాఫ్ క్లచ్‌లో కుదపదు. కొద్దిగా మాడినా చల్లారాక చాలావరకు కోలుకుంటుంది. కెవ్‌లార్ ఎక్కువ కాలం మన్నుతుంది గానీ రన్నింగ్-ఇన్‌కు (కొత్త లైనింగ్ ఒదిగేదాకా నెమ్మదిగా నడపడానికి) ఓపిక కావాలి, 800 నుంచి 1,000 కిలోమీటర్లు. ఒక్కసారి అతిగా వేడెక్కి నున్నబడిందా, మళ్లీ పాత పట్టు రాదు. సిరామిక్ ముక్కలున్న ప్యాడిల్ ప్లేట్ల గుణకం 0.4 దగ్గర ఉంటుంది కాబట్టి నొక్కుడు పెంచకుండానే పైన వేసిన లెక్క 513కి పోతుంది, వేడికి పట్టు కూడా తగ్గదు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఇది పట్టుకుంటే స్విచ్చు వేసినట్టు పట్టుకుంటుంది. హైటెక్ సిటీ నుంచి మియాపూర్ దాకా సాయంత్రం ఏడింటికి అంగుళం అంగుళం జరుగుతూ వెళ్లాలంటే ప్రతి అంగుళానికీ ఒక కుదుపు. ప్యాడిల్ ఫ్లైవీల్‌ను కూడా త్వరగా తినేస్తుంది. రోజూ తిరిగే బండికి మేం సిరామిక్ చెప్పం.

550 ఎన్‌ఎం దాటితే మాత్రం ట్విన్ ప్లేట్ గురించి ఆలోచించండి. ముఖాలు నాలుగవుతాయి కాబట్టి పాత నొక్కుడుతోనే పట్టు రెట్టింపు అవుతుంది, పెడల్ బరువెక్కదు. ధర ఎక్కువ, న్యూట్రల్‌లో గలగల ఉంటుంది.

మాడటం ఎక్కడ మొదలవుతుందో కూడా లెక్కలోనే ఉంది. డ్రైవరుతో కలిపి 1,450 కిలోల బండిని 1,500 ఆర్‌పీఎం దగ్గర కదిలించి, సుమారు 12 కి.మీ. వేగంలో క్లచ్ పూర్తిగా పట్టేలా వదిలితే ఆ ఒక్క స్టార్ట్‌లో దాదాపు 8 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. 3,500 దగ్గర వదిలితే 44. ఆర్‌పీఎం రెట్టింపు అయితే వేడి నాలుగింతలు. ఘాట్ రోడ్డు ఎక్కే మలుపులో బండిని బ్రేకుతో కాకుండా హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం ఇంకా ఘోరం, ఎంతసేపు నిలబెడితే అంతసేపూ వేడే.

నొక్కుడు పెంచితే ఇంకెవరి మీద భారం?

స్ప్రింగ్ బలం 25 శాతం పెరిగితే పెడల్ బరువు కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఆ బలం కాలి దగ్గరే ఆగదు. క్లచ్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ (ప్రెషర్ ప్లేటు స్ప్రింగును నొక్కేది) క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు నెడుతుంది, ఆ తోపుడును కాసేది క్రాంక్ థ్రస్ట్ బేరింగ్. సిగ్నల్ దగ్గర గేరులో పెట్టి రెండు నిమిషాలు తొక్కి కూర్చునే అలవాటుంటే అది మానుకోండి, న్యూట్రల్ చేయండి.

ఇక ఫ్లైవీల్. ఈ డీజిల్ బండ్లలో ఉండేది డ్యూయల్ మాస్: రెండు ముక్కలు, మధ్యలో స్ప్రింగులు. అందుకే దానికి జతగా వచ్చే ప్లేటులో స్ప్రింగులు ఉండకపోవచ్చు. ఖర్చు తగ్గుతుందని సింగిల్ మాస్‌కు మారేవాళ్లు తరచూ ఇక్కడే దెబ్బ తింటారు. పాత స్ప్రింగుల్లేని ప్లేటునే దాని మీద బిగిస్తారు. అప్పుడు ఇంజిన్ వణుకంతా నేరుగా గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది, నిలబడి ఉన్నప్పుడు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు చప్పుడు. సింగిల్ మాస్ వేస్తే స్ప్రింగులున్న ప్లేటే వేయాలి, అయినా డీజిల్‌లో కొంత చప్పుడు తప్పదు. 400 ఎన్‌ఎం స్థాయికి కొత్త డ్యూయల్ మాస్, దాని మీద బలమైన ప్రెషర్ ప్లేటు, ఇదే మా ఎంపిక. పై గేర్లలో 1,500 లోపు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కొద్దు, డ్యూయల్ మాస్ స్ప్రింగులను చంపేది అదే.

గేర్‌బాక్స్‌నూ మర్చిపోకూడదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు (స్కోడా కూడా ఇందులోదే) మాన్యువల్ గేర్‌బాక్సుల పేర్లలోనే వాటి టార్క్ తరగతి ఉంటుంది: ఎంక్యూ 200, ఎంక్యూ 250, ఎంక్యూ 350. పోలో జీటీ టీడీఐ కంపెనీ నుంచే 250 ఎన్‌ఎంతో వచ్చేది. అలాంటి చిన్న తరగతి బాక్సుకు జారనే జారని క్లచ్ తగిలిస్తే తర్వాత విరిగేది గేర్ల పళ్లు. కొంచెం జారే క్లచ్ ఒక రకంగా ఫ్యూజే.

బిగించేటప్పుడు

గేర్‌బాక్స్ ఒకసారి దించితే కూలీ పెద్దది కాబట్టి దించినప్పుడే ఇవన్నీ మార్చేయండి: ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక సీలు, ఫ్లైవీల్ బోల్టులు. ఎంక్యూ 350లో రిలీజ్ బేరింగ్, స్లేవ్ సిలిండర్ (పెడల్ నుంచి వచ్చే ద్రవ ఒత్తిడితో ఆ బేరింగ్‌ను నెట్టేది) ఒకే ముక్క. బేరింగ్ బాగుంది కదా అని పాతది ఉంచితే ఆరు నెలలకు లోపల కారి మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సి రావచ్చు.

ఫ్లైవీల్ బోల్టులు సాగే రకం, రెండోసారి వాడకూడదు. ఫోక్స్‌వ్యాగన్ ఇంజిన్లు చాలావాటికి 60 ఎన్‌ఎం బిగించి, ఆపైన 90 డిగ్రీలు తిప్పాలి. మీ ఇంజిన్ కోడ్‌కు మాన్యువల్‌లో ఏముందో చూసి ఖాయం చేసుకోండి.

కొత్త ప్రెషర్ ప్లేటు ముఖం మీద తుప్పు పట్టకుండా పూసిన సన్నని నూనె పొర ఉంటుంది. బ్రేక్ క్లీనర్‌తో, గుడ్డకు ఏమీ అంటనంతవరకు తుడవండి. ప్లేటు హబ్ దగ్గర జర్మన్‌లో గెట్రీబెజైటె అని అచ్చు కనిపిస్తే అది గేర్‌బాక్స్ వైపు అని అర్థం. తిరగేసి బిగిస్తే హబ్ ఫ్లైవీల్ బోల్టులకు ఒరుసుకుంటుంది, గేరు పడదు. స్ప్లైన్ల (గేర్‌బాక్స్ షాఫ్ట్ మీది గాడుల) మీద గ్రీజు పలచగా రాసి, ప్లేటును ఒకసారి ఎక్కించి తీసి, అంచున మిగిలింది తుడిచేయండి. ఎక్కువైన గ్రీజు తిరిగేటప్పుడు చిమ్మి లైనింగ్ మీదే పడుతుంది.

ప్రెషర్ ప్లేటు సెల్ఫ్ అడ్జస్టింగ్ (లైనింగ్ అరిగేకొద్దీ తనంతట తాను సర్దుకునే) రకమైతే ప్రత్యేక టూలుతో నొక్కి పట్టి బిగించాలి. టూలు లేకుండా బోల్టులతోనే లాక్కొస్తే లోపలి రింగు ముందే జరిగిపోయి, కొత్త క్లచ్ తొలిరోజే తేడాగా పనిచేస్తుంది. పని ఒప్పుకునే ముందు షెడ్డులో ఆ టూలు ఉందో లేదో అడగండి. మామూలు రకమైతే బోల్టులు ఎదురెదురుగా, ఒక్కోటి ఒక్కో చుట్టు చొప్పున బిగించాలి. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడకూడదు. వేలాడితే ప్లేటు సన్నగా వంగుతుంది, కంటికి కనిపించదు. క్లచ్ పూర్తిగా తొక్కి మూడు సెకన్లు ఆగి రివర్స్ వేసినా కిర్రుమంటే, హైడ్రాలిక్స్‌లో గాలి లేదని తేలాక అనుమానించాల్సింది ఈ వంకరనే.

మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు (కెవ్‌లార్ అయితే 800 నుంచి 1,000) ఊళ్లోనే తిప్పండి, గేర్లు ఎక్కువగా మారే రోడ్ల మీద. హైవే మీద ఒకే గేరులో 800 పోతే లైనింగ్ ఒదగదు. ఆ లోపు పూర్తి టార్క్ వద్దు, వీలైతే స్టాక్ మ్యాప్‌లో (కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్‌లో) ఉంచండి. తర్వాత నాలుగో గేరు పరీక్ష మళ్లీ చేసి, మొదట రికార్డు చేసిన ఓబీడీ అంకెల పక్కన పెట్టి చూడండి.